ఉపసంహారం తెలియని అస్త్రం

వైజ్ఞానిక కల్పన ఆధారంగా తీసిన చలనచిత్రాన్ని చూసి వచ్చే సామాన్య ప్రేక్షకుడి నోట మూడు మాటలు తరచు వినవస్తూ ఉంటాయి. పాత చిత్రాలను ఇప్పుడు చూస్తే నవ్వు వస్తుందన్నది మొదటి మాట. అయినా ఆ పాతవాటిలోనే ఆలోచన ఉండేది, కొత్తవాటిలో హంగు తప్ప సరుకు లేదన్నది రెండవ మాట. ఎంత చెప్పినా అదంతా కల్పనే గదా, మనసుకు పట్టించుకోవలసిన పని ఏముందన్నది మూడవ మాట. మొదటి మాటకూ రెండవ మాటకూ పొత్తు కుదరదు. మూడవది ఆ రెండింటినీ కలిపి కొట్టివేస్తుంది. అయినప్పటికీ ఒకే వ్యక్తి, ఒకే సాయంత్రం, ఈ మూడు మాటలనూ ఎలాంటి సంకోచమూ లేకుండా అనగలడు.

ఆ వ్యక్తి విమర్శకుడు కాడు. భౌతికశాస్త్రం చదివినవాడూ కానక్కరలేదు. సెలవునాడు పిల్లలను వెంటబెట్టుకుని సినిమాహాలుకు వెళ్లినవాడు, రాత్రి భోజనమయ్యాక టీవీ ముందు కూర్చుని కనబడిన చిత్రాన్ని చివరిదాకా చూసినవాడు. విద్వాంసులు అతని అభిప్రాయాలను తేలికగా తీసిపారేస్తారు. కాని ఆ మూడు మాటలనూ కాసేపు నిలిపి పరిశీలిస్తే వాటి అడుగున ఒక పెద్ద ప్రశ్న ఉన్నట్లు తెలుస్తుంది. మనిషి తాను కల్పించినదానికి, అది అస్త్రమైనా, యంత్రమైనా, ప్రాణి అయినా, ఎంతవరకు బాధ్యుడు? వైజ్ఞానిక కల్పనా చిత్రాల చరిత్ర అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగిందనడం అతిశయోక్తి కావచ్చు. కాని వాటిలో కాలానికి నిలిచినవి మాత్రం దాదాపు అన్నీ ఈ ప్రశ్న ముంగిట ఒకసారైనా ఆగినవే.

మొదటి మాటనే ముందుగా తీసుకోవచ్చు. ఫ్రాన్సుకు చెందిన జార్జ్ మెలియెస్ 1902లో చంద్రమండల యాత్రను తెరకెక్కించాడు. ఆయన వృత్తిరీత్యా ఐంద్రజాలికుడు. ఆయన చిత్రంలో ఖగోళ శాస్త్రజ్ఞులు ఫిరంగి గుండులో కూర్చుని ప్రయాణం చేస్తారు. ఆ గుండు పోయి చంద్రుడి కంటిలో గుచ్చుకుంటుంది. చంద్రుడి మీద వారు గొడుగులు పట్టుకుని తిరుగుతారు, హాయిగా నిద్ర కూడా పోతారు. 1969 జూలైలో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద అడుగుపెట్టారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరువలో దిగడాన్ని భారతదేశమంతా టీవీలలో కళ్లారా చూసింది. ఆ దృశ్యం చూసిన పిల్లవాడికి మెలియెస్ ఫిరంగి గుండును చూస్తే నవ్వు రాకుండా ఎలా ఉంటుంది?

అయితే ఆ చిత్రంలో శాస్త్రజ్ఞులు చంద్రుడి మీద చేసిన మొదటి ఘనకార్యం ఏమిటో గుర్తు చేసుకోవాలి. ఎదురుపడిన అక్కడి జీవిని గొడుగుతో కొడతారు. దెబ్బ తగలగానే అది పొగ అయిపోతుంది. తిరుగు ప్రయాణంలో గుండును పట్టుకుని వచ్చిన ఒక జీవి వారికి బందీగా దొరుకుతుంది. ఊరేగింపులో దానిని జనం ముందు ఆడిస్తారు. ఐరోపా రాజ్యాలు ఆసియా, ఆఫ్రికా ఖండాలను పంచుకుని ఏలుతున్న రోజులవి. పరాయి నేలకు పోయినవాడు ఆ నేల మనిషితో ఎలా వ్యవహరించాడో మెలియెస్ హాస్యంగానే చూపించాడు. చంద్రుడి విషయంలో ఆయన లెక్క పూర్తిగా తప్పింది. మనిషి విషయంలో తప్పలేదు. నవ్వుతున్న ప్రేక్షకుడు ఈ రెండవదానిని కూడా చూసి నవ్వుతున్నాడా అన్నది అతను తనను తాను వేసుకోవలసిన ప్రశ్న.

జోస్యం ఫలించలేదన్న కారణంతో కథను కొట్టివేయడం ఒక అలవాటు. రిడ్లీ స్కాట్ 1982లో తీసిన 'బ్లేడ్ రన్నర్' కథ 2019 నవంబరులో జరుగుతుంది. ఆ నవంబరు వచ్చింది, వెళ్లింది. లాస్ ఏంజెలిస్ ఆకాశంలో ఎగిరే కార్లు కనిపించలేదు. అంతమాత్రాన ఆ చిత్రానికి కాలదోషం పట్టిందనవచ్చునా? నాలుగేళ్ల ఆయుష్షుతో తయారైన కృత్రిమ మానవుడు తనను చేసినవాడి దగ్గరకు వెళ్లి ఇంకొంచెం బతుకు ఇవ్వమని అడుగుతాడు. లేదన్న సమాధానం వింటాడు. చివరకు తనను చంపడానికి వచ్చినవాడిని, తన ప్రాణం పోయే క్షణంలో, చేయి పట్టి పైకి లాగి కాపాడతాడు. ఈ సన్నివేశానికి 2019తో పని లేదు. ఉగాదినాడు పంచాంగ శ్రవణానికి వెళ్లినవాడు ఆదాయ వ్యయాలూ రాజపూజ్య అవమానాలూ వింటాడు. వినిపించిన అంకెలు ఏడాది చివర సరిపోయాయా లేదా అని లెక్క చూసేవాళ్లు అరుదు. రాబోయే ఏడాదిని తలచుకుని ఒకసారి తనను తాను సవరించుకోవడమే ఆ శ్రవణం వల్ల కలిగే మేలు. వైజ్ఞానిక కల్పన కూడా ఆ పనే చేస్తుంది.

తెలుగు ప్రేక్షకుడికి ఇందుకు దగ్గరి ఉదాహరణ సింగీతం శ్రీనివాసరావు 1991లో రూపొందించిన 'ఆదిత్య 369'. కాలయంత్రం ఎక్కినవాళ్లు 1526లో శ్రీకృష్ణదేవరాయల కొలువుకు చేరతారు. తరువాత 2504కు పోతారు. రాయలవారి ఆస్థానం కన్నులపండువుగా ఉన్నదనీ, భవిష్యత్తు మాత్రం బొమ్మల కొలువులా ఉన్నదనీ ఆనాడే అన్నవారున్నారు. కాని ఆ రెండు భాగాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే చిత్రం చెప్పదలచినది తేటపడుతుంది. ప్రతినాయకుడు పురాతన వస్తువులను దొంగిలించి దాచుకునేవాడు. అతని కన్ను రాయలనాటి వజ్రం మీద ఉంటుంది. 2504లో భూమి ఉపరితలం అణుధార్మికతతో విషపూరితమై జనం నేల అడుగున తలదాచుకుంటారు. పూర్వులు ఇచ్చిపోయినదానిని దోచుకోరాదు, రాబోయేవారికి విషాన్ని మిగల్చరాదు. వినోదం కోసం తీసిన చిత్రంలో ఇంతకంటె స్పష్టంగా ఈ రెండు ధర్మాలనూ చెప్పడం కష్టం. 2504 నాటి దుస్తులు ఎలా ఉంటాయన్నది ఆ తరువాతి ముచ్చట.

ఇక రెండవ మాట. పాత చిత్రాలలో ఆలోచన, కొత్త చిత్రాలలో హంగు అనే విభజన వినడానికి బాగుంటుంది, పరీక్షకు నిలవదు. జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ తీయగా 1927లో విడుదలైన 'మెట్రోపోలిస్'నే తీసుకుంటే, ఆనాటికి అంత హంగు చేసిన చిత్రం మరొకటి అరుదు. వేలాది జనం, ఆకాశాన్నంటే మేడలు, నిర్మాణసంస్థను కుదిపివేసిన ఖర్చు. అందులోని సిద్ధాంతం, అంటే శ్రమించే చేతికీ శాసించే తలకూ మధ్య హృదయం రాజీ కుదర్చాలన్న మాట, ఆనాడే చాలామందికి పసితనంగా తోచింది. ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ ఆ చిత్రాన్ని తీవ్రంగా ఆక్షేపించాడు. తరువాతి రోజుల్లో లాంగ్ కూడా ఆ సిద్ధాంతంతో తృప్తి చెందలేదు. మరి ఇన్నేళ్లు నిలిచినది ఏది? తలలు వంచుకుని పనికి దిగే కార్మికుల వరుస. వారు నమ్మిన స్త్రీ ముఖాన్నే యంత్రానికి తొడిగి వారిని తప్పుదోవ పట్టించిన ఘట్టం. అంటే నిలిచినది దృశ్యం. ఆలోచన దృశ్యంలో ఉన్నదే గాని వాక్యంలో లేదు.

పైగా పాతవాటిలో తప్పలూ తాలూ కాలం జల్లెడలో ఎప్పుడో పడిపోయాయి. మంచివి మాత్రమే జ్ఞాపకం ఉన్నాయి. కొత్తవి ఇంకా జల్లెడ పట్టని ధాన్యం. ఆ జల్లెడ కూడా ఒక్కొక్కసారి గట్టి గింజను జారవిడుస్తుంది. 'మెట్రోపోలిస్'లో కత్తిరించి పారవేసిన భాగాలు పోయాయనే అందరూ అనుకున్నారు. 2008లో బ్యూనస్ ఏరిస్ నగరంలో అవి చాలావరకు దొరికాయి. భారతదేశంలో 1967లో సత్యజిత్ రాయ్ రాసిన 'ది ఏలియన్' చిత్రం తెరకు ఎక్కనే లేదు. బెంగాలు పల్లెలో తామరకొలనులో దిగిన అంతరిక్ష నౌక కథ అది. దానికి ముందు 1962లో ఆయన రాసిన కథలో ఒక బెంగాలీ బడిపంతులు ఉంటాడు. తోటివారంతా ఆయనను ఆటపట్టిస్తుంటారు. వెదురుతోపులో కనబడిన గ్రహాంతరవాసి ఆయనకు మిత్రుడై, తన మర్యాద తాను నిలుపుకునే ధైర్యం ఇచ్చి పోతాడు. చంద్రుడి జీవిని గొడుగుతో కొట్టిన కథకు ఇది మారుబదులా అన్నట్లుంటుంది. అంతకంటె వింతైనది 1963 నాటి తమిళ చిత్రం 'కలై అరసి'. అందులో గ్రహాంతరవాసి భూమికి వచ్చేది బంగారం కోసం కాదు, రాజ్యం కోసమూ కాదు. తన లోకంలో సంగీతం లేదు గనుక గాయనిని తీసుకుపోవడానికి వస్తాడు. ఆ గాయని పాత్రను పోషించినది తెలుగువారి భానుమతి. ఇలాంటి చిత్రం ఒకటి ఉన్నదని ఎరుగనివాడు పాతకాలాన్ని పొగిడినా తెగిడినా అది సగం తెలిసి చెప్పిన తీర్పే అవుతుంది.

పాత కొత్తల గోడ ఎంత పలచనిదో చూడడానికి రెండు చిత్రాలలోని రెండు సన్నివేశాలు చాలు. మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన 'ఫ్రాంకెన్‌స్టైన్' నవల ఆధారంగా జేమ్స్ వేల్ 1931లో చిత్రం తీశాడు. శవాల అవయవాలతో చేసిన మనిషి ఒక చెరువుగట్టున చిన్నపిల్లను కలుస్తాడు. ఆ పిల్ల భయపడదు. ఇద్దరూ పూలను నీటిలో వేసి అవి తేలుతుంటే చూసి సంబరపడతారు. పూలు అయిపోతాయి. పువ్వులాగే తేలుతుందనుకుని అతడు పిల్లను ఎత్తి నీటిలో వేస్తాడు. పిల్ల మునిగిపోతుంది. అతడు బెదిరిపోయి పారిపోతాడు. ఈ దృశ్యాన్ని చాలాకాలం కత్తిరించి చూపారు. అతడు పిల్లవైపు చేతులు చాచడం వరకే ఉంచి మిగిలినది తీసివేశారు. ఆ కారణంగా ప్రేక్షకుడు అంతకంటె ఘోరమైనదే ఊహించుకున్నాడు. తెలియకచేసిన తప్పు కత్తెర వల్ల క్రూరత్వంగా కనిపించింది.

శంకర్ దర్శకత్వంలో 2010లో వచ్చిన 'రోబో'లో అగ్నిప్రమాదం సన్నివేశం ఉంది. మంటల్లో చిక్కుకున్నవారిని చిట్టి అనే యంత్రమానవుడు ఒక్కొక్కరినే బయటకు తెస్తాడు. స్నానం చేస్తున్న ఒక అమ్మాయిని కూడా, ఒంటి మీద బట్ట లేకుండానే, అంతమంది జనం ముందుకు, కెమెరాల ముందుకు తీసుకువస్తాడు. ఆ అమ్మాయి సిగ్గుతో పరుగెత్తి వాహనం కింద పడి చనిపోతుంది. చిట్టి తనకు అప్పగించిన పనిని అక్షరాలా నెరవేర్చాడు. ప్రాణం కాపాడమన్నారు, కాపాడాడు. ప్రాణంతో పాటు మానం కూడా కాపాడవలసినదని అతనికి ఎవరూ నేర్పలేదు. 1931కీ 2010కీ మధ్య 79 ఏళ్లు గడిచాయి. దేశాలు వేరు, భాషలు వేరు. చెరువులో మునిగిన పిల్ల, రోడ్డు మీద పడిన అమ్మాయి మాత్రం ఒకే లోపానికి బలి అయ్యారు. శక్తి ఇచ్చినవాడు వివేకం ఇవ్వలేదు. నియమం ఉన్నచోట ధర్మం కూడా ఉన్నదనుకున్నాడు.

నియమానికీ ధర్మానికీ గల ఈ తేడా పాలనా వ్యవహారాలు తెలిసినవారికి కొత్త కాదు. ఉత్తర్వును తు.చ. తప్పకుండా అమలు జరిపి, ఆ ఉత్తర్వు ఎవరి మేలుకోసం వచ్చిందో వారినే నష్టపరచిన సందర్భాలు ప్రతి కార్యాలయం అనుభవంలోనూ ఉంటాయి. ఈ దృష్టితో చూస్తే స్టాన్లీ కూబ్రిక్ 1968లో తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' యంత్రాల తిరుగుబాటు కథ కానే కాదు. అందులో నౌకను నడిపే హాల్ అనే కంప్యూటరు వ్యోమగాములను చంపుతుంది. ఎందుకు చంపిందన్నది చిత్రం పూర్తిగా విప్పి చెప్పదు. కథాచర్చలో కూబ్రిక్‌తో కలిసి పనిచేసి, అదే పేరుతో నవల రాసిన ఆర్థర్ సి. క్లార్క్ దానికి కారణం చెప్పాడు. 1956 నుంచి 2008లో మరణించేవరకు శ్రీలంకనే తన నివాసం చేసుకున్న రచయిత ఆయన. సత్యాన్ని వక్రీకరించకుండా అందించడానికే హాల్ తయారయింది. యాత్ర అసలు ప్రయోజనాన్ని నౌకలోని మనుషులకు చెప్పకుండా దాచమని దానికే ఆదేశం వచ్చింది. నిజమే చెప్పాలి, నిజం దాచాలి. ఈ రెండు ఆజ్ఞలను ఒకేసారి మోయలేక అది చితికిపోయింది. దోషం యంత్రానిదా, పరస్పర విరుద్ధమైన ఆదేశాలు ఇచ్చి భూమి మీద నిశ్చింతగా కూర్చున్నవారిదా?

ఇక్కడే మహాభారతంలోని ఒక ఘట్టం జ్ఞాపకం రావడం సహజం. సౌప్తిక పర్వంలో అశ్వత్థామ బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని ప్రయోగిస్తాడు. అర్జునుడూ ప్రయోగిస్తాడు. లోకాలు దగ్ధమవుతాయని వ్యాస నారదులు మధ్య నిలిచి అస్త్రాలను ఉపసంహరించుకోమంటారు. అర్జునుడు తన అస్త్రాన్ని వెనక్కు తీసుకుంటాడు. అశ్వత్థామకు అది చేతకాదు. ప్రయోగం తెలిసిన అతనికి ఉపసంహారశక్తి లేదు. చివరకు ఆ అస్త్రం ఇంకా పుట్టని శిశువు మీదికి, ఉత్తర గర్భం మీదికి పోతుంది. ఇందులో ఆధునిక ఆయుధాలను వెతకడం అటు శాస్త్రానికీ ఇటు ఇతిహాసానికీ అన్యాయమే. కవి చెప్పినది ఆయుధ నిర్మాణం కాదు, అధికారపు కొలత. విద్య ఉన్నదా అన్న ప్రశ్నకు ప్రయోగించగలగడం సమాధానం కాదు, వెనక్కు తీసుకోగలగడమే సమాధానం.

ఈ కొలతతో చూస్తే పాత కొత్త చిత్రాలన్నీ ఒకే వరుసలో నిలుస్తాయి. ఫ్రాంకెన్‌స్టైన్ సృష్టించగలిగాడు, తన సృష్టి వెంట నిలువలేకపోయాడు. హాల్‌ను ఆపడానికి మిగిలిన ఒక్క వ్యోమగామి దాని జ్ఞాపక ఫలకాలను ఒక్కొక్కటిగా ఊడదీయవలసి వచ్చింది. యంత్రం భయపడుతున్నానని చెబుతుంటే వింటూ ఆ పని చేయవలసి వచ్చింది. జపాను చిత్రం 'గాడ్జిల్లా' 1954 నవంబరులో విడుదలయింది. ఆ ఏడాది మార్చి 1న బికినీ దీవులలో అమెరికా జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద ఒక జపాను చేపల పడవ మీద రాలింది. పడవలోని వారందరూ జబ్బుపడ్డారు. సెప్టెంబరులో వారిలో ఒకరు చనిపోయారు. ఆ దుఃఖం ఆరకముందే వచ్చిన చిత్రం అది. అందులో సెరిజావా అనే శాస్త్రజ్ఞుడు సముద్రంలోని ప్రాణవాయువును హరించే ఆయుధాన్ని కనిపెడతాడు. రాక్షస జంతువును చంపడానికి అది తప్ప మార్గం లేదు. ఒకసారి వాడితే ప్రపంచం దానిని మళ్లీ మళ్లీ వాడుతుందని అతనికి తెలుసు. తన కాగితాలన్నీ తగులబెట్టి, ఆయుధంతో సముద్రంలోకి దిగి, దానిని ప్రయోగించి, తానూ తిరిగి రాడు. తన బుర్రలో మిగిలిన సూత్రాన్ని కూడా తనతోనే తీసుకుపోతాడు.

దీనికి ఆక్షేపణ లేకపోలేదు. ఒకడు కాల్చిన సూత్రాన్ని మరొకడు కనిపెట్టడా? జ్ఞానాన్ని ఎక్కడని పూడ్చిపెట్టగలరు? ఆ ఆక్షేపణ సబబైనదే. సెరిజావా మరణంతో ప్రపంచానికి శాశ్వత రక్షణ లభించదు. అయినా అతను చేసిన పనికి విలువ ఉంది. తాను చేసినది తన బాధ్యత అని అతను ఒప్పుకున్నాడు. ఇతరులు ఏం చేస్తారన్నది తన తప్పుకు సాకుగా చూపలేదు. నీతి అనేది ఫలితం మీద పూర్తి అధికారం ఉన్నప్పుడే వర్తిస్తుందంటే ఈ లోకంలో ఎవరికీ నీతి వర్తించదు.

నాగ్ అశ్విన్ 2024లో తీసిన 'కల్కి 2898 ఏడీ' చూసి వచ్చిన ప్రేక్షకులలో చాలామంది వాహనాల గురించి, పోరాటాల గురించి మాట్లాడుకున్నారు. హంగు ఎక్కువైందని కొందరన్నారు. ఆ మాటలో నిజం ఉండవచ్చు. కాని పుట్టని శిశువు మీద అస్త్రం వేసిన అశ్వత్థామను, అన్ని వేల ఏళ్ల తరువాత, పుట్టని శిశువుకు కాపలాదారుగా నిలపడం హంగు కాదు. వెనక్కు తీసుకోలేని అస్త్రానికి మిగిలే ప్రాయశ్చిత్తం ఏమిటన్న ప్రశ్నను ఆ కల్పన అడుగుతుంది. కొత్త చిత్రాలలో సరుకు లేదన్నవాడు ఆ ఒక్క కల్పన దగ్గరైనా ఆగి ఉండవలసింది.

మిగిలినది మూడవ మాట. అదంతా కల్పనే గదా అనడం. 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'మాయాబజార్' చూడని తెలుగువాడు అరుదు. అందులో ప్రియదర్శిని అనే పేటిక ఉంటుంది. మూత తీసి చూసినవాడికి తన మనసుకు ప్రియమైనది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి మణిమాణిక్యాలు కనిపిస్తాయి. కృష్ణుడు చూస్తే శకుని కనిపిస్తాడు. దానిని చూపి టీవీ ఆనాడే ఉన్నదని సరదాగా అనేవారున్నారు. నిజానికి ప్రియదర్శిని టీవీ కంటె ఒక మెట్టు పైది. టీవీ లోకాన్ని చూపిస్తుంది. ప్రియదర్శిని చూసేవాడినే బయటపెడుతుంది. వైజ్ఞానిక కల్పనా చిత్రం పని కూడా అదే. తెర మీద 2504 ఉన్నా, 2898 ఉన్నా, కనిపించేది చూస్తున్నవాడి భయం, వాడి ఆశ, వాడి మనసులో దాగిన కాంక్ష. కల్పనే గదా అన్నవాడు పేటిక మూత తెరిచి, లోపల కనిపించినది తనది కాదని తప్పించుకుంటున్నవాడు.

తప్పించుకోవడానికి ఇప్పుడు వ్యవధి కూడా తగ్గింది. 2013లో స్పైక్ జోన్జ్ తీసిన 'హెర్' చిత్రంలో ఒక ఒంటరి మనిషి కంప్యూటరులోని గొంతుతో కష్టసుఖాలు చెప్పుకుంటాడు. తొమ్మిదేళ్లు తిరిగేసరికి, 2022 నవంబరులో, మనిషి భాషలో సంభాషించే ప్రోగ్రాము సామాన్య ప్రజల చేతికి వచ్చింది. నిన్నటి కల్పన నేటి బల్ల మీద ఉంది. ఒక వృద్ధురాలి పింఛను యంత్రం వేసిన లెక్క వల్ల ఆగిపోయిందనుకుంటే, ఆమె ఎవరి గడప తొక్కాలి? లెక్క వేసిన యంత్రానికి చెవులు లేవు. దానిని తయారు చేసినవాడికి ఆమె ఊరు తెలియదు. బల్ల దగ్గర కూర్చున్న ఉద్యోగి ఇది యంత్రం ఇచ్చిన జవాబు, తన చేతిలో ఏమీ లేదంటాడు. పైనుంచి ఉత్తర్వు వచ్చిందన్న పాత మాటే ఇక్కడ కొత్త వేషం వేసుకుంది. అస్త్రం వేయగలిగినవారు అనేకులు ఉండి వెనక్కు తీసుకోగలిగినవాడు ఒక్కడూ లేకపోతే ఆ వ్యవస్థ అశ్వత్థామ చేతిలోని గడ్డిపరక వంటిది.

ఇంతమాత్రాన యంత్రాన్ని శత్రువుగా చూడనక్కరలేదు. ఈ చిత్రాలలో ఉన్న పెద్ద బలహీనత కూడా ఇదే. సంఘర్షణ లేనిదే కథ నడవదు గనుక అవి యంత్రాన్ని ప్రతినాయకుడిని చేస్తాయి. చూసి చూసి ప్రేక్షకుడు కొత్తదంతా కీడేనని నమ్మే ప్రమాదం ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది కొట్టుకుపోయారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖపట్నం మీద విరుచుకుపడినా ప్రాణనష్టం ఎన్నో రెట్లు తక్కువ. ఆకాశం నుంచి కనిపెట్టి చూసిన ఉపగ్రహాలు ముందుగా హెచ్చరించాయి. ఆ హెచ్చరికను అందుకుని తీరగ్రామాల జనాన్ని ఖాళీ చేయించినది మనుషులు. యంత్రం చూసింది, మనిషి బాధ్యత తీసుకున్నాడు. అలాగే కక్షతోనో బద్ధకంతోనో దరఖాస్తును తొక్కిపట్టే గుమాస్తా కంటె యంత్రమే నయమైన సందర్భాలు లేకపోలేదు. యంత్రం ఉండాలా వద్దా అన్నది ఇప్పుడు ప్రశ్న కాదు. యంత్రం చేసినదానికి తన పేరుతో సంతకం పెట్టి నిలబడేవాడు ఎవరన్నదే ప్రశ్న.

అందువల్ల సామాన్య ప్రేక్షకుడి మూడు మాటలనూ తీసివేయనక్కరలేదు. కొంచెం సవరించుకుంటే చాలు. పాత చిత్రం చూసి నవ్వవచ్చు; ఆ నవ్వు యంత్రం బొమ్మ మీదికే పోవాలి గాని మనిషి బొమ్మ మీదికి పోరాదు. కొత్త చిత్రంలో హంగు ఎక్కువైతే విసుక్కోవచ్చు. ఆ హంగు నడుమ ఎక్కడైనా ఒక ప్రశ్న ఉన్నదేమో చూసి మరీ విసుక్కోవాలి. కల్పన అని తేల్చవచ్చు. ఆ కల్పనలోని తప్పు తన బల్ల మీద, తన ఇంట్లో, తన చేతి మీదుగా జరగడం లేదని నిశ్చయం చేసుకున్నాకే తేల్చాలి.

'రోబో' చివర 2030 సంవత్సరం చూపిస్తారు. న్యాయస్థానం ఆజ్ఞ మేరకు తనను తానే విడదీసుకున్న చిట్టి ప్రదర్శనశాలలో ఒక వస్తువుగా మిగిలి ఉంటాడు. బడిపిల్లలలో ఒక అమ్మాయి ఇతన్ని ఎందుకు ఇలా చేశారని అడుగుతుంది. ఆలోచించడం మొదలుపెట్టినందుకని జవాబు వస్తుంది. హాలులో ఆ జవాబుకు చప్పట్లు మోగాయి. కాని ఆ జవాబు సగమే. చిట్టికి ఆలోచన రావడానికి ముందే మంటల్లోంచి వచ్చిన ఆ అమ్మాయి చనిపోయింది. ఆలోచన నేర్పినవారు, ఆ ఆలోచనలో మరొకరు విషం కలిపినప్పుడు గమనించనివారు, అంతా అయ్యాక విడదీయమని తీర్పు చెప్పినవారు అందరూ మనుషులే. తనను తాను ఉపసంహరించుకోగలిగినది ఆ కథలో ఒక్క యంత్రం మాత్రమే. ఇంటికి వెళ్లే దారిలో పిల్లవాడు అదే ప్రశ్న మళ్లీ అడిగితే, వెంట ఉన్న పెద్దవాడు ఆ మిగిలిన సగం జవాబు చెప్పవలసి ఉంటుంది.